చీవరం, కోటు, తెల్లచీర: బాహ్యాచారాలకు ధమ్మంలో ఉన్న చోటు

(వైశాఖ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్ళలో ముందుగదిలో రెండు పటాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తథాగతునిది: భుజం మీదుగా జారిన చీవరం, అలంకారం లేని దేహం. రెండవది బాబాసాహెబ్ అంబేద్కర్‌ది: నీలిరంగు కోటు, మెడలో టై, జేబులో కలం. మొదటివారు రాజవస్త్రాలను విడిచి పారవేసిన గుడ్డలను కట్టుకున్నారు. రెండవవారు, మీ జాతికి పారవేసిన గుడ్డలే తగునన్న సమాజంలో పుట్టి, ఇస్త్రీ చెదరని కోటు తొడుక్కున్నారు. ఇద్దరి పటాలకూ మనం ఒకే పూలమాల వేస్తాం. ఈ రెండు పటాలను చూస్తూ పెరిగిన పిల్లవాడు ఏదో ఒకనాడు అడుగుతాడు: ధమ్మానికి తగిన వేషం ఈ రెండింటిలో ఏది?

వేషం, బాహ్యాచారాలు ఆధ్యాత్మిక జీవితానికి అవసరమా అన్న విషయంపై మాట్లాడవలసిందిగా సంఘం పెద్దలు మమ్మల్ని ఆదేశించారు. ఆ ఆదేశానికి కారణం ఈ సభలో కొందరికి తెలుసు. నిరుడు ఇదే పూర్ణిమ నాడు ఒక పొరపాటు జరిగింది. చేసినది మేమే కనుక దానిని దాచి ఈ విషయం మాట్లాడడం న్యాయం కాదు.

నిరుడు ఆహ్వానపత్రంలో అందరూ తెల్లని దుస్తులతో రావాలని అచ్చు వేయించాం. ద్వారం దగ్గర వచ్చినవారిని కూర్చోబెట్టే పని మాకు అప్పగించారు. సభ మొదలయ్యే వేళకు ఒక పెద్దావిడ వచ్చారు. ఎర్రంచు ముదురాకుపచ్చ నూలుచీర, కొంగుకు మిరప ఘాటు. "తొడిమలు తీసే కాడ నుంచి ఇటే వచ్చాను బాబూ, ఇంటికి పోయి మార్చుకొస్తే బస్సు అందదు" అన్నారు. ముందు వరుసలన్నీ తెల్లగా ఉన్నాయి, ఫోటో తీసేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. మేము ఆమెను వెనుక కూర్చోమన్నాం. ఆమె వెనుక వరుసలో కూడా కూర్చోలేదు. షామియానా అంచున, చెప్పులు విడిచిన చోట కూర్చున్నారు. పంచశీలాలు చెప్పేటప్పుడు ఆ వైపు నుంచి ఒక గొంతు స్పష్టంగా, తడబాటు లేకుండా వినిపించింది. వెనుదిరిగి చూస్తే ఆమెదే. భోజనాల వేళకు వెతికితే ఆమె లేరు.

వెనుక కూర్చోమన్న మాట మన తాతలు ఎక్కడెక్కడ విన్నారో ఈ సభకు మేము చెప్పనవసరం లేదు. ఆ మాట మా నోట వచ్చింది. అదీ ధమ్మం పేరు మీద వచ్చింది. అందుకే ఈ విషయాన్ని చరిత్ర అధ్యాపకులుగా కొంత, తప్పు చేసినవారిగా కొంత ఈనాడు పరిశీలిస్తాం.

మొదట ఒక విభజన చేసుకోవాలి. వేషం గురించి మనం ఒకే ప్రశ్న అడుగుతున్నామనుకుంటాం గాని, అందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. వేషం మనసును శుద్ధి చేస్తుందా అన్నది ఒకటి. వేషం లోకంలో ఏదైనా పని చేస్తుందా అన్నది రెండవది. మొదటిదానికి తథాగతుడు స్పష్టంగా లేదని చెప్పాడు. రెండవదానికి బౌద్ధసంఘ చరిత్ర, మన సొంత చరిత్ర అవునని చెబుతున్నాయి. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే మన కలహాలన్నీ పుడుతున్నాయి.

చీవరం ఎలా పుట్టిందో చూద్దాం. తొలినాటి భిక్షువులు పాంసుకూలాలు కట్టేవారు. అంటే శ్మశానాల్లో, చెత్తకుప్పల్లో దొరికిన గుడ్డపేలికలను ఏరి, ఉతికి, కుట్టుకున్న వస్త్రాలు. గృహస్థులు ఇచ్చే వస్త్రాలను కూడా స్వీకరించే అనుమతి తరువాత, వైద్యుడైన జీవకుడు కోరిన మీదట వచ్చిందని వినయపిటకం చెబుతుంది. రంగు వేర్ల నుంచి, బెరళ్ళ నుంచి, ఆకుల నుంచి తీసినది. మగధలో గట్లతో విడదీసిన వరిమళ్ళను చూపి, ఆ తీరులో చీవరాన్ని కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుని అడిగాడని, ఆనందుడు ముక్కలు కత్తిరించి అలాగే కుట్టాడని ఆ గ్రంథంలోనే ఉంది. ఈనాటికీ చీవరంలో కనిపించే ఆ అతుకులు రైతు మడిగట్ల రూపమే.

ఇప్పుడు ఒక విషయం పక్కన పెట్టి చూడండి. బుద్ధునికి శతాబ్దాల తరువాత కూర్చబడిన మనుస్మృతి, శవాల మీది వస్త్రాలే చండాలుర దుస్తులు కావాలని విధించింది. అంటే శ్మశానపు గుడ్డ ఒక చోట బలవంతంగా తగిలించిన అవమానం, మరొక చోట ఇష్టపూర్వకంగా స్వీకరించిన వ్రతం. సమాజం ఏ గుడ్డను అతి హీనమైనదిగా చూసిందో, ఆ గుడ్డనే శాక్యరాజకుమారులు కూడా కట్టుకోవలసి వచ్చింది. మంగలి అయిన ఉపాలికి ముందుగా దీక్ష ఇమ్మని, తద్వారా తమ శాక్య గర్వం అణుగుతుందని ఆ రాజకుమారులే కోరారు. ముందు దీక్ష పొందినవాడు పెద్ద గనుక, నిన్నటి వరకు తమకు సేవ చేసినవానికి వారు నమస్కరించారు. తలపాగాలు, నగలు, పట్టువస్త్రాలు ఉన్నంతవరకు ఇది సాధ్యం కాదు. పుట్టుక గుర్తులను చెరిపివేయడమే చీవరం చేసిన పని. అది చిన్న పని కాదు.

అయితే ఆ చీవరమే మనసును శుద్ధి చేస్తుందని తథాగతుడు ఎన్నడూ అనలేదు. కుక్కలాగా నేలమీద పడిన అన్నం తింటూ, ఎద్దులాగా బతుకుతూ అదే తపస్సు అనుకున్న ఇద్దరు వ్రతధారులు ఆయనను కలిసిన కథ మజ్ఝిమనికాయంలో ఉంది. ఈ వ్రతాల ఫలం ఏమిటని వారు పట్టుబట్టి అడిగితే, కుక్క వ్రతం పూర్తిగా పాటించినవాడు కుక్కల మధ్యనే పుడతాడని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. నదీస్నానంతో పాపం పోతుందని చలికి వణుకుతూ మునుగుతున్న బ్రాహ్మణుని ప్రశ్నించిన పుణ్ణిక, నీళ్ళు మోసే దాసి. నీటికే ఆ శక్తి ఉంటే నీటిలోని కప్పలు, తాబేళ్ళు అందరికంటే ముందు స్వర్గానికి పోవాలి కదా అన్నది ఆమె తర్కం. ఆ దాసి మాటలు థేరీగాథల్లో స్థానం పొందాయి. వ్రతాలను, ఆచారాలను అవే ముక్తి మార్గమని పట్టుకోవడాన్ని పాలి గ్రంథాలు సీలబ్బతపరామాసం అంటాయి. స్రోతాపన్నుడు తెంచుకోవలసిన మొదటి మూడు సంకెళ్ళలో అది ఒకటి.

సంతతి అనే మంత్రి కథ ధమ్మపద అట్ఠకథలో ఉంది. సర్వాభరణాలతో ఉన్నవాడు ఆ వేషంలోనే ధమ్మం విని అర్హతుడయ్యాడు. చీవరం తొడిగే వ్యవధి లేకుండానే పరినిర్వాణం పొందాడు. నగలు ధరించి పోయిన ఈ మనిషిని శ్రమణుడనాలా, కాదా అని భిక్షువులు అడిగితే, అనవచ్చునని తథాగతుడు చెప్పాడు. మరొకవైపు, చీవరం కప్పుకొని లోపల కల్మషం వదలనివాడు ఆ చీవరానికి అర్హుడు కాడని కూడా ఆయనే హెచ్చరించాడు. గుడ్డ ఉన్నందువల్ల గొప్పతనం రాలేదు, లేనందువల్ల లోటు రాలేదు.

దేవదత్తుని సంగతి మన సంఘాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. భిక్షువులందరూ జీవితాంతం అడవిలోనే ఉండాలి, భిక్షతోనే బతకాలి, పాంసుకూలాలే కట్టాలి, చెట్ల కిందనే నివసించాలి, చేపలు మాంసం తినకూడదు అని ఐదు నియమాలు విధించమని అతడు కోరాడు. వింటే ఇవి చాలా పవిత్రంగా ఉన్నాయి. బుద్ధుడు వాటిని నిషేధించలేదు, విధించనూ లేదు. ఇష్టమైనవారు పాటించవచ్చునన్నాడు. దేవదత్తుడు దానినే ఆయుధంగా చేసుకొని, గౌతముడు సుఖాలకు అలవాటు పడ్డాడని ప్రచారం చేసి సంఘాన్ని చీల్చాడు. సంఘాన్ని తొలిసారి చీల్చినది దుశ్శీలం పేరుతో కాదు, అతినియమం పేరుతో.

దేశాన్ని బట్టి ఆచారం మారవచ్చునని కూడా ఆయన ఒప్పుకున్నాడు. అవంతి, దక్షిణాపథాల నుంచి మహాకచ్చానుని శిష్యుడు సోణుడు ఒక విన్నపం తెచ్చాడు. అక్కడ భిక్షువులు తక్కువ, నేల గట్టిది, పశువుల గిట్టలతో గతుకులు పడినది, అక్కడి జనం తరచుగా స్నానం చేసేవారు, తోళ్ళను పరుపులుగా వాడేవారు. పదిమంది ఉంటే తప్ప దీక్ష ఇవ్వరాదన్న నియమాన్ని అటువంటి ప్రాంతాలకు ఐదుగురికి తగ్గించారు. దళసరి పాదరక్షలకు, తరచు స్నానానికి, తోలు పరుపులకు అనుమతి ఇచ్చారు. గంగాతీరపు అలవాటును మన దక్కను నేల మీద రుద్దలేదు. మనిషికి పనికివచ్చేంతవరకే నియమం అన్న దృష్టి ఇందులో కనిపిస్తుంది.

ఆ దృష్టి తప్పినప్పుడు ఏమైందో చరిత్రలో రెండు ఉదాహరణలు చూపుతాం. 18వ శతాబ్దపు బర్మాలో, భిక్షువు ఊరిలోకి వెళ్ళేటప్పుడు చీవరం ఒక భుజం మీద కప్పుకోవాలా, రెండు భుజాల మీదా కప్పుకోవాలా అన్నదానిపై సంఘం రెండుగా చీలి తరాల తరబడి వాదించుకుంది. చివరకు బోదోపయ రాజు రెండు భుజాలూ కప్పుకోవాలని తీర్పు చెప్పవలసి వచ్చింది. భుజం గురించిన తీర్పు కోసం ధమ్మం రాజదర్బారుకు వెళ్ళింది.

రెండవ ఉదాహరణ ఇంతకంటే బాధాకరమైనది. శ్రీలంకలో ఉపసంపద పరంపర తెగిపోతే, 1753లో సయాం దేశం నుంచి వచ్చిన ఒక భిక్షువు క్యాండీలో దానిని పునరుద్ధరించాడు. ఆయన పేరు కూడా ఉపాలియే. కాని కొద్దికాలానికే ఆ సియాం నికాయంలో ఉపసంపద గొవిగమ అనే వ్యవసాయ కులం వారికే పరిమితమైంది. మిగిలిన కులాలవారు దీక్ష కోసం సముద్రం దాటి బర్మాలోని అమరపురానికి వెళ్ళి, తిరిగివచ్చి 1803 నాటికి వేరే నికాయాన్ని స్థాపించుకోవలసి వచ్చింది. మంగలి ఉపాలికి రాజకుమారులు మొక్కిన సంఘంలో, మరొక ఉపాలి నిలబెట్టిన పరంపరలోకి కులం దూరింది. చీవరం మాత్రం చక్కగా, అతుకులతో సహా ఉంది. వేషం చెడకుండానే ధమ్మం చెడవచ్చుననడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇంతవరకు విన్నవారు, "అయితే వేషం ఎందుకు? మనసు మంచిదైతే చాలు కదా" అనవచ్చు. ఈ మాట మన సానుభూతిపరుల నోట తరచుగా వింటాం. ఈ మాట ఎవరికి సులభమో ఆలోచించండి. తమ దుస్తులను ఎన్నడూ ఎవరూ నిషేధించనివారికి ఇది సులభం. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసం దెబ్బలు తిన్నారు. 1859లో రాజు అనుమతి ఇచ్చినప్పుడు కూడా, పై కులాల స్త్రీల పద్ధతిలో మాత్రం కప్పుకోరాదని షరతు పెట్టాడు. 1927 డిసెంబరులో మహాడ్ సభకు వచ్చిన స్త్రీలతో బాబాసాహెబ్ చీరకట్టు గురించి మాట్లాడారు. మోకాలి పైకి కట్టే కట్టు, ఒంటినిండా మోసే చౌకలోహపు నగలు అంటరానితనానికి గుర్తులని, వాటిని విడిచి ఇతరులలాగే పాదాల వరకు చీర కట్టుకోమని చెప్పారు. ఆ స్త్రీలు ఆ మాటను అక్కడికక్కడే అమలు చేశారు. మనుస్మృతిని దహనం చేసిన సభలో చీరకట్టు గురించి మాట్లాడడం చిన్న విషయమని ఆయన అనుకోలేదు. బానిసత్వాన్ని బయటికి కనబడేటట్లు ఒంటికి తగిలించినప్పుడు, విముక్తి కూడా ఒంటి మీద కనబడవలసిందే.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మంది తెల్లని దుస్తులతో కూర్చున్న దృశ్యాన్ని ఈ వెలుగులో చూడాలి. భిక్షు చంద్రమణి చేతుల మీదుగా బాబాసాహెబ్, సవితా అంబేద్కర్ దీక్ష తీసుకున్నప్పుడు వారు కూడా తెల్లని దుస్తులలోనే ఉన్నారు. పాలి గ్రంథాల్లో గృహస్థ ఉపాసకులను తెల్లబట్టలవారు అని పేర్కొనడం ఉంది కనుక దానికి ప్రాచీన ఆధారం ఉంది. అంతకంటే ముఖ్యమైనది ఇది: ఆ తెలుపులో ఎవరిది ఏ కులమో, ఎవరిది ఏ ఊరి వెలివాడో కనబడలేదు. ఆనాడు మగధలో చీవరం చేసిన పనిని ఆనాటి నాగపూర్‌లో తెల్లబట్ట చేసింది. గుర్తులను చెరిపివేసింది.

మరి నిరుడు మన ద్వారం దగ్గర ఆ తెల్లబట్ట ఏమి చేసింది? కొత్త గుర్తును పెట్టింది. కూలికి వెళ్ళినవారిని, వెళ్ళనివారిని విడదీసింది. గుడ్డ అదే, చేసిన పని తలకిందులైంది. ఈనాడు మేము చెప్పదలచిన విషయం ఇదొక్కటే. ఆచారాన్ని దాని రూపాన్ని బట్టి కాక, అది మనుషుల మధ్య చేసే పనిని బట్టి తూచాలి. తలుపు తెరిచినంతకాలం అది ధమ్మానికి ఉపకరణం. తలుపు మూసిననాడు అదే సంకెల.

ఈ తూకాన్ని మన ఇళ్ళకు తీసుకువెళదాం. తెల్లచీర మన తెలుగు దేశంలో వైధవ్యానికి గుర్తుగా నాటుకుపోయింది. భర్త ఉన్న స్త్రీ తెల్లచీర కట్టి వీధిలోకి వస్తే ఇరుగుపొరుగు మాటలంటారు. ఆ మాటలకు వెరవకుండా కట్టుకునే సోదరి ఒక మూఢనమ్మకాన్ని తెంచుతున్నది, ఆమెను అభినందించాలి. అత్తవారింట్లో ఒంటరిగా దీక్ష తీసుకున్న మరొక సోదరి, పోరు పడలేక రంగుచీరలోనే వస్తుంది, బొట్టు పెట్టుకునే వస్తుంది. ఆమెను నిలదీసే అధికారం మనకు ఎవరిచ్చారు? ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇరవైరెండు ప్రతిజ్ఞలు బాహ్యాచారాలు కావు. విడిచిన దేవతలను పూజించబోనని, మనుషులందరినీ సమానులుగా చూస్తానని చేసిన వాగ్దానాలు అవి. వాటిని సడలించమని మేము అనడం లేదు. ప్రతిజ్ఞను నిలబెట్టుకోవడం ఒకటి, ఎదుటివారి నుదురు చూసి వారి ప్రతిజ్ఞను కొలవడం మరొకటి.

కొలవవలసినది వేరే చోట ఉంది. దాని గురించి మాట్లాడడం కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు, మన్నించాలి. తెల్లబట్టలు కట్టి, తిసరణాలు చెప్పి, వేదిక దిగిన తరువాత పెళ్ళిసంబంధం మాట వస్తే "వాళ్ళు మాలలా, మాదిగలా" అని అడిగే ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. లేవని ఈ సభలో ఎవరైనా అనగలరా? ఆ ప్రశ్న వేసిన నోరు పంచశీలాలు ఎంత శుద్ధమైన పాలిలో పలికినా ప్రయోజనం ఏమిటి? అమరావతి స్తూపం దగ్గర విధికుడు అనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేసినట్లు శాసనం ఉంది. తన వృత్తిని దాచకుండా, తండ్రి పేరుతో సహా రాతి మీద వేయించుకున్నాడు. ఆ ఫలకానికి మహాస్తూపంలో చోటు దొరికింది. మన కృష్ణాతీరంలో రెండువేల సంవత్సరాల కిందటి సంఘం ఇచ్చిన చోటును మన సంఘం ఇవ్వలేకపోతే, మనం దేనిని పునరుద్ధరిస్తున్నట్లు?

అమరావతి మరొక పాఠం కూడా చెబుతుంది. అక్కడి తొలినాటి శిల్పాల్లో బుద్ధుని మానవరూపం లేదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం ఉంటాయి. జనం వాటి ఎదుట చేతులు జోడించి ఉంటారు. తరువాతి శిల్పాల్లో కుడిభుజం విడిచి చీవరం కప్పుకున్న బుద్ధమూర్తి వస్తాడు. ఒకే స్తూపం ఈ రెండింటినీ మోసింది. చీవరం కనబడినప్పుడు దానిని అందంగా చెక్కారు, కనబడనప్పుడూ భక్తి తగ్గలేదు. మనకు కావలసిన సమతౌల్యం అదే.

కనుక సంఘానికి మా విన్నపం రెండు మాటల్లో ఉంది. తెల్లని దుస్తులను విడిచిపెట్టవద్దు. అవి నాగపూర్ జ్ఞాపకం, మన సమానత్వానికి గుర్తు. కాని వాటిని ద్వారపాలకులుగా నిలబెట్టవద్దు. పెద్దల అంగీకారంతో ఈ ఏడాది ఆహ్వానపత్రంలో వాక్యం మారింది: వీలైనవారు తెల్లని దుస్తులలో రండి, వీలుకానివారు పని దుస్తులలోనే రండి, అందరూ రండి. ముందు వరుసలు ఎవరికీ ప్రత్యేకించలేదు.

నిరుడు చెప్పుల దగ్గర కూర్చున్న ఆ తల్లి పేరు మేము అడగలేదు. అడగకపోవడం రెండవ తప్పు. మిరప పని ఇంకా సాగుతూనే ఉంది కనుక ఈనాడు కూడా ఆమె పని నుంచే రావలసి ఉంటుంది. ఈ సభలో ఎక్కడైనా ఉంటే ముందుకు వచ్చి కూర్చోవలసిందిగా, ప్రసంగం తరువాత పంచశీలాలను ఆమే మాచేత చెప్పించవలసిందిగా వేడుకుంటున్నాం. ఆమె ఇంకా రాకపోతే, ఆ ముందు కుర్చీ ఆమె కోసం అలాగే ఖాళీగా ఉంటుంది. అమరావతి శిల్పాల్లో మన పూర్వీకులు ఖాళీ ఆసనానికి చేతులు జోడించినట్లుగానే, ఈ పూట మేమూ ఆ కుర్చీకి చేతులు జోడిస్తాం.

నమో బుద్ధాయ. జై భీమ్.